చేసి చూశాను

జూన్ 12, 2006

పాశమైలారం మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నప్పుడు కొత్త సంవత్సరానికి కంపెనీ వాళ్లు ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్లూ పెట్టెలో పడి ఉంది. ఉద్యోగం పోయింది, డైరీ మిగిలింది.

పోయింది అని ఎందుకు రాశాను? నేనే మానేశాను. కళ్లతో చూడని పనికి 'చూశాను' అని సంతకం పెట్టడం నచ్చక మానేశాను. అమీర్‌పేటలో మాకు టెక్నికల్ రైటింగ్ చెప్పే సారుకి కూడా ఇదే చెప్పాను. ఆయన తెగ మెచ్చుకున్నాడు. క్లాసందరి ముందు చెప్పి మరీ మెచ్చుకున్నాడు.

ఇవాళ సారు అన్నది రాసి పెట్టుకోవాలి. ఉద్యోగం కావాలంటే ఇంతకుముందు రాసింది చూపించమంటారు. ఉద్యోగమే లేకపోతే చూపించడానికి ఏముంటుంది? దానికి ఆయన చెప్పిన ఉపాయం ఇది. ఎవరెవరో తయారుచేసి ఊరికే లోకానికి వదిలేసిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు వేలకొద్దీ ఉన్నాయట. చాలావాటికి ఎలా వాడాలో చెప్పే పుస్తకం ఉండదట. ఒకటి పట్టుకుని దానికి పుస్తకం రాస్తే అదే మన పోర్ట్‌ఫోలియో.

అందరూ తమకు తెలిసిన ప్రోగ్రాముల పేర్లు చకచకా రాసుకున్నారు. నాకు ఒక్కటీ తెలియదు. పక్కమ్మాయి నోట్సులోకి తొంగి చూసి రెండు పేర్లు ఎక్కించుకున్నాను. ఆ అమ్మాయి చూసింది. చూసి నోట్సు నాకు కనిపించేలా కొంచెం జరిపింది. దానికే ఎక్కువ సిగ్గేసింది.

జూన్ 15

ప్రోగ్రాము దొరికింది. అదీ మన పటాన్‌చెరులోనే, బస్టాండు ఎదురుగా ఉన్న లతీఫ్ భాయ్ నెట్ సెంటర్లో.

లతీఫ్ భాయ్, ఆయన దోస్తులు కలిసి రక్తం ఇచ్చేవాళ్ల పేర్లు పోగుచేస్తున్నారు. బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లే అందరూ. ఎవరికైనా దెబ్బ తగిలి రక్తం కావాలంటే లతీఫ్ భాయ్‌కి ఫోన్ వస్తుంది. ఆయన కంప్యూటర్లో చూసి, ఆ గ్రూపు రక్తం ఉండి ఆ వేళకి డ్యూటీలో లేనివాళ్లకి ఫోన్ కొడతాడు. ఆ పేర్లన్నీ ఉన్న ప్రోగ్రాము పేరు రోల్‌కీపర్. దాన్ని రాసింది బెల్జియంలో ఉండే ఒకాయన, వాళ్ల ఊరి సైకిల్ క్లబ్బు సభ్యుల కోసం. అందుకని దాంట్లో 'సైకిల్ రకం' అని ఒక గడి ఉంది. లతీఫ్ భాయ్ అక్కడ బ్లడ్ గ్రూపు రాస్తాడు. 'పందెం రోజు' అనే గడిలో షిఫ్టు రాస్తాడు.

నవ్వు ఆగలేదు నాకు. ఆయన మాత్రం నవ్వలేదు.

"నడుస్తుంది గద మేడం, ఇగేం గావాలె? సైకిలైతేంది, నెత్తురైతేంది, గది నా పేర్లు దాస్తున్నదా లేదా?" అన్నాడు.

పుస్తకం రాస్తానంటే మాత్రం ముఖం వెలిగింది. "రాయుండ్రి మేడం. మా హుస్నా కూడ నేర్సుకుంటది. ఊకె నన్నే పిలుస్తది ప్రతిదానికి" అన్నాడు. హుస్నా ఆయన భార్య. మధ్యాహ్నం ఆయన అన్నానికి వెళ్తే కౌంటర్లో కూర్చుంటుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివింది. కంప్యూటర్ తెరని ఇంకొకరి ఇంటి తలుపులా చూస్తుంది, తట్టాలా వద్దా అన్నట్టు.

జూన్ 24

బెల్జియం ఆయన జవాబిచ్చాడు. పేరు యానిక్. బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాడట. తన ప్రోగ్రాముకి పుస్తకం రాస్తానని ఇంతవరకు ఒక్కరూ అడగలేదట. రాసి పంపితే నా పేరుతో తన వెబ్‌సైటులో పెడతానన్నాడు. ఎక్కడెక్కడి క్లబ్బులవాళ్లో చూసుకుంటారట.

నా పేరు. యాదలక్ష్మి, పటాన్‌చెరు, ఇండియా.

జూలై 3

ఆరు అధ్యాయాలు అయిపోయాయి. ఇంగ్లీషులో ఒకటి, హుస్నా కోసం తెలుగులో చేత్తో ఒకటి రాస్తున్నాను. ఇంగ్లీషు దాంట్లో సైకిల్, తెలుగు దాంట్లో రక్తం.

ప్రతి అధ్యాయం చివర ఒక వాక్యం పెట్టాను: "ఈ అధ్యాయంలోని ప్రతి మెట్టునూ నేను చేసి చూశాను." కింద నా పేరు. ఫ్యాక్టరీలో మందు తయారైన ప్రతి విడతకీ ఒక కట్ట కాగితాలుండేవి. ప్రతి కాగితం కింద రెండు గళ్లు, 'చేసినవారు', 'చూసినవారు'. నేను ఎప్పుడూ రెండోదాన్నే. షిఫ్టు దిగాక అన్ని కాగితాలూ ఒకేసారి నా బల్ల మీదికి వచ్చేవి. నేను ఆఫీసులో కూర్చుని, ప్లాంటు వైపు తిరిగి చూడకుండానే, చూశాను చూశాను అని గీకేదాన్ని. ఇక్కడ అలా కాదు. ఇక్కడ నిజంగా ఒక్కొక్కటీ నొక్కి, ఏమొచ్చిందో చూసి, అప్పుడు రాస్తున్నాను. ఆరింటిలోనూ అంతే. ఎంత హాయిగా ఉందో.

హుస్నా నా పక్కన కూర్చుని ఒక్కో అధ్యాయం చేసుకుంటూ వస్తోంది. మెట్టు మీద వేలు పెట్టి, చదివి, నొక్కి, మళ్లీ వేలు పెడుతుంది. ఒక కొత్త పేరు తనంతట తాను ఎక్కించిన రోజున "అక్కా, ఎక్కింది! సూడు, ఎక్కింది!" అని సెంటర్లో అందరికీ వినపడేలా అరిచింది.

జూలై 9

ఏడో అధ్యాయం. వేరే కంప్యూటర్లో టైపు చేసిన పేర్లను ఫ్లాపీలో తెచ్చి, ఉన్నవాటిలో కలపడం.

లతీఫ్ భాయ్ సిస్టంలో ఫ్లాపీ పెట్టే చోటు పాడైంది. రేపు బాగుచేయిస్తానన్నాడు. మూలనున్న ఇంకో సిస్టం మీద పిల్లలు కార్ల ఆట ఆడుతున్నారు. సారుకి పుస్తకం రేపే ఇవ్వాలి.

మిగతావన్నీ ఎలా పనిచేస్తాయో తెలిసిపోయింది నాకు. ఇదీ అలాగే ఉంటుంది. మెనూలో చూసి మెట్లు రాశాను. చివర్లో ఏదో అడుగుతుంది, ప్రతి ప్రోగ్రామూ 'చేయమంటారా' అని అడుగుతుంది కదా. "ప్రశ్న వస్తే ఎస్ నొక్కండి" అని రాశాను. ఫ్యాక్టరీ చెక్‌లిస్టుల్లో ఏ ప్రశ్నకైనా ఎస్ అనే టిక్కు పెట్టేవాళ్లం. నో పెడితే ఎందుకని వివరణ రాయాలి, పైకి పంపాలి, తిట్లు తినాలి. ఆరేళ్లలో నేను నో పెట్టిన గుర్తు లేదు.

ఫ్లాపీ బాగవగానే చేసి చూస్తాను.

జూలై 10

సారుకి ఇచ్చాను. ఏడో అధ్యాయం కింద కూడా ఆ వాక్యం పెట్టాను. పుస్తకమంతా ఒకేలా ఉండాలి కదా. ఒక్కదాని కింద లేకపోతే వికారంగా ఉంటుంది.

జూలై 22

యానిక్ పుస్తకాన్ని సైటులో పెట్టాడు. నా పేరు ఉంది. లతీఫ్ భాయ్ రెండు పేజీలు ప్రింటు తీసి గోడకి అంటించాడు. తెలుగుది జిరాక్స్ తీయించి, స్పైరల్ బైండింగ్ వేయించి, కౌంటర్ మీద పెట్టాడు.

అమ్మ క్యాంటీన్ డ్యూటీ దిగి కంపెనీ బస్సులోంచి నేరుగా సెంటర్‌కే వచ్చింది గోడ చూడ్డానికి. ఒక్క అక్షరం చదవలేదు, ఇంగ్లీషు కదా. అయినా చాలాసేపు నిలబడి చూసింది. "గిదేనా నీ పేరు? గీ సివరికున్నదా?" అని వేలు పెట్టి అడిగింది. బస్సులో కూడా అందరికీ చెప్పిందట, మా బిడ్డ కంప్యూటర్ల బుక్కు రాసిందని.

ఫ్లాపీ డ్రైవు బాగైంది. రేపు చేసి చూడాలి.

జూలై 30

పాశమైలారం బడిలో రక్తదాన శిబిరం. బడి కంప్యూటర్లో హుస్నాయే కొత్త పేర్లన్నీ టైపు చేసింది. నేను పక్కన టీ తాగుతూ కూర్చున్నాను. బిహార్, ఒరిస్సాల నుంచి వచ్చిన పనివాళ్లు బాగా వచ్చారు. హుస్నా హిందీలో షిఫ్టులు అడుగుతూ, మధ్యమధ్య నా వంక చూసి నవ్వుతూ ఉంది.

ఆగస్టు 2

హుస్నా శిబిరం పేర్లు ఫ్లాపీలోంచి తనే ఎక్కించిందట, పుస్తకం చూసుకుంటూ, ఎవరినీ అడగకుండా. నాకు డబ్బాలో డబల్ కా మీఠా తెచ్చింది.

ఆగస్టు 11

ఇస్నాపూర్ చౌరస్తాలో బక్కమ్మ అనే ఆవిడకి లారీ తగిలింది. కంపెనీలో ఊడ్చే పనిచేస్తుందట. పొద్దున డ్యూటీకి పోతుంటే జరిగింది. సంగారెడ్డి ఆసుపత్రి నుంచి లతీఫ్ భాయ్‌కి ఫోన్ వచ్చేసరికి నేను సెంటర్లోనే ఉన్నాను. బి నెగిటివ్ కావాలి. ఆయన ధీమాగా కూర్చుని, "చిన్నరాములు ఉన్నడు, ఇంకొకలు ఉన్నరు, ఫికర్ జెయ్యకుండ్రి" అని ఫోన్లో చెబుతూనే రోల్‌కీపర్ తెరిచాడు.

శిబిరంలో రాసుకున్న పేర్లే ఉన్నాయి. రెండేళ్లుగా కూడబెట్టిన పేర్లు ఒక్కటీ లేవు.

మూసి మళ్లీ తెరిచాడు. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాడు. జాగ్రత్త కోసం దాచుకునే ఫైలు కూడా చూశాడు. అది ప్రోగ్రాము మూసిన ప్రతిసారీ దానంతటదే కొత్తగా రాసుకుంటుంది. దాంట్లోనూ ఇవే. కాగితం చీటీలు కంప్యూటర్లోకి ఎక్కాక పారేశారు.

"హుస్నా! ఏం నొక్కినవ్?"

"బుక్కుల రాసినట్టే నొక్కిన."

"బుక్కుల రాసినట్టు నొక్కితే గిట్లెట్ల అయితది? మేడం రాసిన బుక్కు అది, దునియా అంత సూస్తున్నది. నువ్వే ఏదో నొక్కినవ్. రానిదానికి ఎందుకు వెట్టినవ్ చెయ్యి?"

సెంటర్లో అందరూ వింటున్నారు. హుస్నా నా వైపు చూసింది. నన్ను అనుమానించి కాదు. నేనేమైనా సాయం చేయగలనేమో అని చూసింది.

నేను తల దించుకుని కీబోర్డు చూశాను.

హుస్నా ఒక అట్టముక్క మీద బి నెగిటివ్ అని పెద్దగా రాసుకుని రోడ్డు దాటింది. షిఫ్టు మారే వేళ అది. బొల్లారం వైపు నుంచి వచ్చే ప్రతి కంపెనీ బస్సు దగ్గరికీ పరుగెత్తి, అట్ట పైకెత్తి, చిన్నరాములన్నా, చిన్నరాములన్నా అని కేకేసింది. బురఖా అంచులు బురదలో ఈడ్చుకుపోతున్నాయి. డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు. అన్నం వేళ దాటిపోయాక ఎవరో బస్సులోంచి తొంగి చూసి, "చిన్నరాములా? ఎనక బస్సుల వస్తుండు" అన్నారు.

చిన్నరాములు ఇంటికి కూడా వెళ్లకుండా షేర్ ఆటో ఎక్కి సంగారెడ్డి పోయాడు. బక్కమ్మ బతికింది. కాలు తీసేయాల్సి వచ్చింది. రక్తం ముందే దొరికినా కాలు తీసేసేవాళ్లేనని డాక్టర్ అన్నాడట. అన్నాడని లతీఫ్ భాయ్ చెప్పాడు. నేను రెండుసార్లు అడిగాను.

ఆగస్టు 12

ఇవాళ మూల సిస్టం మీద చేసి చూశాను. ఇప్పుడు చేసి చూశాను.

దొంగ పేర్లు నాలుగు ఎక్కించి, ఫ్లాపీలోంచి ఇంకో రెండు తెచ్చాను. చివరి మెట్టు దగ్గర ప్రశ్న వచ్చింది. ఇంగ్లీషులో ఉంది, స్పష్టంగా ఉంది. ఇప్పుడున్న పేర్లన్నింటినీ తీసేయమంటారా అని.

ఎస్ నొక్కితే నాలుగూ పోయాయి. నో నొక్కితే ఆరూ ఉన్నాయి. అంతే.

ప్రశ్న చదివి నొక్కాలి ఎవరైనా. పుస్తకంలో ఏముంటే అది నొక్కేస్తారా? యానిక్ అయినా అంత ప్రమాదమైనదాన్ని అక్కడ పెట్టడమేంటి?

హుస్నాకి ఇంగ్లీషు అక్షరాలు తెలుసు గానీ వాక్యం చదివితే అర్థం కాదు. అందుకేగా తెలుగులో రాశాను.

ఆగస్టు 13

సెంటర్‌కి వెళ్లలేదు. తలనొప్పి.

ఆగస్టు 16

మాదాపూర్‌లో ఇంటర్వ్యూ. సారు పంపించాడు. నల్ల అద్దాల బిల్డింగు, లోపల చలి. ఇద్దరు సార్లు, ఒక మేడం. మేడం నా పుస్తకాన్ని ముందే చదివి, పసుపు కాగితాలు అంటించి పెట్టుకుంది.

"నాకు అన్నింటికంటే నచ్చింది ఈ వాక్యం" అంది. వేలు పెట్టి చూపించింది. ప్రతి మెట్టునూ చేసి చూశాను. "పెద్ద పెద్ద కంపెనీల పుస్తకాల్లో కూడా ఇలా ఎవరూ ధైర్యంగా రాయరు. ఈ అలవాటు ఎక్కడిది మీకు?"

వేలు ఏ అధ్యాయం మీద ఉందో చూశాను. ఏడు కాదు, రెండు. ఎందుకో కాస్త ఊపిరి ఆడింది.

"మందుల ఫ్యాక్టరీలో పనిచేశాను మేడం. అక్కడ చూడకుండా సంతకం పెట్టమనేవాళ్లు. అది నచ్చక మానేశాను."

ఎంత చక్కగా వచ్చింది నోట్లోంచి! ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. మేడం కళ్లు మెరిశాయి. తిరిగి వస్తూ లింగంపల్లి దగ్గర బస్సు దిగి వాంతి చేసుకున్నాను. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, అందుకే అయ్యుంటుంది.

ఆగస్టు 19

హుస్నా కౌంటర్లో లేదు. నాలుగైదు రోజులుగా రావడం లేదట. "ఇంట్ల ఉన్నది. ఇగ కంప్యూటర్ జోలికి రాదంట. మంచిదే" అన్నాడు లతీఫ్ భాయ్. మధ్యాహ్నం సెంటరుకి తాళం వేసి అన్నానికి పోతున్నాడు. మంచిదే అన్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. అది ఒక సంగతి తేలిపోయినట్టు అన్నాడు.

బస్టాండులో కనిపించింది. చేతిలో కాగితాలు, పెన్ను. బస్సు దిగేవాళ్లని ఒక్కొక్కరినే ఆపి, "అన్నా, మీది ఏ గ్రూప్? ఏ షిఫ్ట్?" అని అడిగి రాసుకుంటోంది. పోయిన పేర్లు మళ్లీ పోగుచేస్తోంది. నన్ను చూసి నవ్వింది.

"నా వల్ల మీ బుక్కుకు కూడ బద్నాం వచ్చింది అక్కా. మాఫ్ చెయ్యుండ్రి. నాకు అచ్చిరాదు అది. కాయిదాలే మంచిగ."

నేను ఏమన్నాను? "పర్లేదులే హుస్నా" అన్నాను.

పర్లేదులే అన్నాను.

ఇంత సిగ్గు నాకు ఎప్పుడూ కలగలేదు. ఎందుకు రాస్తున్నాను ఇక్కడ, ఎవరూ చదవరు కదా? మొదటి పేజీలో నేనే మానేశాను అని రాశాను. ఎవరూ చదవని డైరీలో కూడా అబద్ధం రాశాను. మానేయలేదు. కాంట్రాక్టు అయిపోయింది, మళ్లీ ఇవ్వలేదు. గేటు దగ్గర పాసు తీసుకుని పంపించేశారు. ఉంచి ఉంటే ఇవాళ్టికీ అక్కడే కూర్చుని చూశాను చూశాను అని గీకుతూ ఉండేదాన్ని. ఏ ఒక్క రోజూ నచ్చకపోవడం అనేది లేదు. మధ్యాహ్నానికల్లా కట్ట అయిపోతే సంతోషంగా ఉండేది.

ఆగస్టు 23

ఉద్యోగం వచ్చింది. సెప్టెంబరు రెండో వారంలో చేరమన్నారు.

అమ్మకి చెబితే కొంగుతో కళ్లు తుడుచుకుంది. "కంపెనోళ్లు తీసేసిండ్రని ఒక్కలకు గూడ చెప్పలే నేను. నువ్వే ఇడిసిపెట్టినవని చెప్పిన అందరికి. ఇగ నా మాట నిజమే అయ్యింది గద బిడ్డా" అంది.

అమ్మ కూడా ఇదే చెబుతోందని నాకు తెలియదు. నాకోసం. సిగ్గుపడింది నేనొక్కదాన్నే అనుకున్నాను ఇన్నాళ్లూ.

ఆగస్టు 24

చేరాక చెప్పొచ్చు. చేరి, కాస్త కుదురుకున్నాక. పేర్లు ఎలాగూ మళ్లీ వస్తున్నాయి. బక్కమ్మ బతికింది. ఎవరికీ నష్టం లేదు.

ఆగస్టు 26

బస్టాండులో వాన. రసాయనాల వాసన నేల మీదికి దిగింది. హుస్నా కాగితాలని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని టీ కొట్టు పంచన నిలబడింది. పక్కన వెళ్లి నిలబడ్డాను. ఏమీ ముందు అనుకోలేదు, నోరు తెరిస్తే వచ్చేసింది.

"హుస్నా, నువ్వు సరిగ్గానే నొక్కావు. పుస్తకమే తప్పు. ఆ అధ్యాయం నేను చేసి చూడకుండా రాశాను. అక్కడ నో నొక్కాలి. నేను ఎస్ అని రాశాను."

ఆమె అర్థం కానట్టు చూసింది. మళ్లీ చెప్పాను.

"ఎప్పటిసంది ఎర్క మీకు?"

"మర్నాడే తెలిసింది."

"మర్నాడే." ప్లాస్టిక్ కవరు సర్దుకుంది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"గివన్ని నాకు చెప్తే ఏమొస్తది అక్కా? నాకైతె ఇగ నమ్మబుద్ది అయితలేదు, నేను మంచిగనే చేసినని. అందరి ముందల కదా నన్నన్నడు. అందరి ముందల చెప్పుండ్రి."

బస్సు వచ్చింది. కవరు తల మీద పెట్టుకుని బస్సు తలుపు దగ్గరికి పరుగెత్తింది.

ఆగస్టు 28

చెప్పాను. పొద్దున సెంటర్ నిండా జనం ఉన్నప్పుడే వెళ్లాను. హుస్నా కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. లతీఫ్ భాయ్‌కి మొత్తం చెప్పాను. చూడకుండా రాయడం, కింద చూశానని పెట్టడం, మర్నాడే తెలిసినా నోరు మూసుకోవడం. కోపం వస్తుందని, గోడ మీద కాగితాలు చింపేస్తాడని అనుకున్నాను.

ఆయన నవ్వాడు.

"అరే, పోనియ్యుండ్రి మేడం! గంత పెద్ద బుక్కు రాస్తే ఒక్క ముక్క తప్పు పోదా? మనుషులం గద. కూసోండ్రి, చాయ్ తాగుండ్రి."

అంతే. ఒక్క నిమిషం పట్టలేదు నన్ను క్షమించడానికి. అదే తప్పుకి హుస్నాని అందరి ముందు నిలబెట్టి అడిగాడు, రానిదానికి చెయ్యి ఎందుకు పెట్టావని. నాకైతే చాయ్.

తలుపు దగ్గర హుస్నా ముఖం చూశాను. లతీఫ్ భాయ్ కూడా చూసినట్టున్నాడు. నవ్వు ఆగిపోయింది. కౌంటర్ మీద కాగితాలు అటూ ఇటూ జరిపాడు. ఆమెతో ఏదో అనబోయి, అందరూ ఉన్నారని ఊరుకున్నాడు. తిట్టడానికి అందరూ ఉన్నా ఫరవాలేదు గానీ.

హుస్నా వెళ్లిపోయింది. నేను చాయ్ తాగలేదు.

ఆగస్టు 29

యానిక్‌కి మెయిల్ పెట్టాను. ఫలానా మెట్టు తప్పు, అది చేసి చూడకుండా రాశాను, ఇక్కడ పేర్లు పోయాయి అని. మాదాపూర్ మేడంకి కూడా అదే మెయిల్ పంపాను. ఫ్యాక్టరీ సంగతి కూడా రాశాను, నేను మానేయలేదని. పంపే ముందు ఆ భాగం రెండుసార్లు తీసేసి, మళ్లీ పెట్టాను.

ఆగస్టు 31

యానిక్ జవాబు. తప్పు చెప్పినందుకు థాంక్స్ అని, సైటులో ఆ అధ్యాయం తీసేశానని, సరిచేసి పంపమని. చివర్లో ఒక్క మాట అడిగాడు: పేర్లు పోయినవాళ్లకి చెప్పారా?

మేడం నుంచి ఏమీ రాలేదు.

సెప్టెంబర్ 3

ఆదివారం. సెంటర్‌కి వెళ్లేసరికి కౌంటర్లో హుస్నా ఉంది. లతీఫ్ భాయ్ ఇంట్లో ఉన్నాడట. ఆమె ముందు ఫ్లాపీ ఉంది. బస్టాండులో పోగుచేసిన పేర్లన్నీ మూల సిస్టంలో తనే టైపు చేసిందట. ఇప్పుడు శిబిరం పేర్లతో కలపాలి.

"ఆయనే పొమ్మన్నడు. నువ్వే చెయ్యి, ఇంకెవ్వలకు రాదన్నడు. ఇంట్ల అన్నడు, అందరి ముందల గాదు" అంది. కొంచెం కూడా నవ్వలేదు.

పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది. "నేను నొక్కుత. మీరు చదువుండ్రి. బుక్కుల ఉన్నది గాదు, తెర మీద ఉన్నది చదువుండ్రి."

చదివాను. ఆమె నొక్కింది. ఒక్కో మెట్టూ అయ్యాక వేలు ఎత్తి, నేను చదివేదాకా ఆగింది. చివరి మెట్టు దగ్గర ప్రశ్న వచ్చింది.

"ఏమడుగుతున్నది?"

"ఉన్న పేర్లు తీసేయమంటారా అని అడుగుతోంది."

"ఇదేనా ఆ రోజు అడిగింది?"

"ఇదే."

హుస్నా కుర్చీ వెనక్కి జరిపి లేచింది. "ఇది మీరు నొక్కుండ్రి" అంది.

కూర్చున్నాను. ఒక చిన్న బాణం గుర్తుని ఒక చిన్న గడి మీదికి జరపడం, అంతే కదా. నో నొక్కాను. పాత పేర్లు, కొత్త పేర్లు అన్నీ వచ్చాయి. చిన్నరాములు, బొల్లారం, బి నెగిటివ్, సైకిల్ రకం గడిలో. హుస్నా నా భుజం మీదుగా వంగి, మొదటి నుంచి చివరిదాకా పేర్లన్నీ మెల్లగా కిందికి జరిపి చూసింది. ఒకటి రెండు చోట్ల ఆగి, అవును అన్నట్టు తలూపింది.

ఏడో అధ్యాయంలో ఎస్ కొట్టేసి నో అని రాశాను, కింద ఉన్న నా పాత వాక్యమూ కొట్టేశాను. 'హుస్నా చేసి చూసింది' అని రాయబోయాను. నిజం కదా, ఆమే చేసింది, పేరు వచ్చినట్టుంటుంది, యానిక్ సైటులో కూడా పెట్టొచ్చు అని. చెబితే సంతోషిస్తుందనుకున్నాను.

హుస్నా పెన్ను మీద చెయ్యి వేసి ఆపింది.

"వద్దక్కా. నా పేరు వద్దు. మల్ల ఏమన్న తప్పు పోతే నా నెత్తి మీదికే వస్తది. మీ పేరే వెట్టుండ్రి."

పెట్టాను.